నిరోధం, సామర్థ్యం లెక్కలు: సికింద్రాబాద్ రైలు పట్టాల మీద

వోల్టేజీని కరెంటుతో భాగిస్తే నిరోధం, ఆ రెంటినీ గుణిస్తే సామర్థ్యం. మొదటిది ఓంలలో, రెండోది వాట్లలో చెబుతారు. పదో తరగతిలో నేర్చుకునే ఈ రెండు లెక్కలను సికింద్రాబాద్‌లో రైల్వే సిగ్నల్ సిబ్బంది పట్టాల పక్కన నిలబడి చేస్తుంటారు. లైను మీద రైలు ఉందో లేదో చెప్పే ట్రాక్ సర్క్యూట్‌కు ఆధారం ఆ లెక్కే.

నిరోధం మీద తొలి ప్రయోగాలు ఇంగ్లండులో హెన్రీ కావెండిష్ చేశాడు. కరెంటు కొలిచే సాధనం లేని రోజులు కాబట్టి తన ఒంటికి తగిలే షాకు తీవ్రతనే కొలతగా తీసుకున్నాడు. ఆ ఫలితాలను ఆయన ప్రచురించలేదు. 1879లో భౌతిక శాస్త్రవేత్త మాక్స్‌వెల్ ఆ రాతప్రతులను అచ్చు వేయించేదాకా అవి లోకానికి తెలియలేదు. ఈలోగా జర్మనీలో కొలోన్ పట్టణపు బడిపంతులు గేయార్గ్ సైమన్ ఓమ్ ఆ పని పూర్తిచేశాడు. అప్పటి బ్యాటరీల వోల్టేజీ నిలకడగా ఉండేది కాదు. అందుకని ఆయన రాగి, బిస్మత్ లోహాలను జతచేసి, ఒక అతుకును మరిగే నీటిలో, ఇంకొకదాన్ని మంచులో ఉంచి నిలకడైన వోల్టేజీ రాబట్టాడు. ఆ ఓపిక ఫలితమే 1827 నాటి ఆయన పుస్తకం. సొంత దేశంలో దానికి మొదట ఆదరణ దొరకలేదు. లండన్ రాయల్ సొసైటీ 1841లో కాప్లీ పతకం ఇచ్చింది. కరెంటు వర్గాన్ని నిరోధంతో గుణిస్తే తీగలో పుట్టే వేడి తెలుస్తుందని జూల్ చూపించింది కూడా ఆ రోజుల్లోనే. 1881లో పారిస్‌లో జరిగిన విద్యుత్ మహాసభ ఓం, వోల్టు, ఆంపియర్లను ప్రమాణాలుగా ఖాయం చేసింది. మరుసటి ఏడాది సామర్థ్యపు ప్రమాణానికి వాట్ పేరును విలియం సీమెన్స్ ప్రతిపాదించాడు.

రైల్వేలో ఈ లెక్కకు చోటు కల్పించినవాడు అమెరికన్ ఇంజినీరు విలియం రాబిన్సన్. ఆయన 1872లో పేటెంటు పొందిన పద్ధతి ఇది: లైనులో కొంత మేర రెండు చివరలా ఇన్సులేషన్ అతుకులు వేసి మిగతా లైనుతో సంబంధం తెంపుతారు. ఒక చివర పట్టాలకు బ్యాటరీ, రెండో చివర రిలే అనే విద్యుదయస్కాంత స్విచ్ కలుపుతారు. లైను ఖాళీగా ఉంటే కరెంటు పట్టాల గుండా వెళ్లి రిలేను ఎత్తి పట్టుకుంటుంది. బండి రాగానే చక్రాలు, ఇరుసులు రెండు పట్టాలనూ కలిపేస్తాయి. కరెంటు ఆ దగ్గరి దారి పడుతుంది, రిలే పడిపోతుంది, సిగ్నల్ ఎర్రబడుతుంది. తీగ తెగినా, బ్యాటరీ చచ్చినా అదే జరుగుతుంది. ఇలాంటి లోపం వస్తే బండిని ఆపేవైపే మొగ్గే ఈ ఏర్పాటు ఇంజినీరింగ్ చరిత్రలో గొప్ప ఊహల్లో ఒకటి.

ఇక సికింద్రాబాద్‌కు వస్తే, ఇక్కడి నుంచి వాడికి లైను 1874లో మొదలైంది. సిగ్నల్ ఇంజినీర్లకు శిక్షణ ఇచ్చే రైల్వే సంస్థ ఇరిసెట్ 1957లో ఇక్కడే ఏర్పడింది. దక్షిణ మధ్య రైల్వే 1966 అక్టోబరు 2న ఈ ఊరు కేంద్రంగా పుట్టింది. దేశం నలుమూలల నుంచి ఇరిసెట్‌కు వచ్చేవారు నేర్చుకునే పాఠాల్లో కంకర నిరోధం లెక్క ఒకటి.

పట్టాల కింద పరిచిన కంకర, స్లీపర్ల గుండా కొంత కరెంటు ఒక పట్టా నుంచి రెండోదానికి కారిపోతుంది. ఈ కారుడు దారి పొడవునా ఉంటుంది కాబట్టి రెండు చివరల వోల్టేజీల సగటు తీసుకుని, రెండు చివరల కరెంట్ల తేడాతో భాగిస్తారు. ఉదాహరణకు అర కిలోమీటరు ట్రాక్ సర్క్యూట్‌లో బ్యాటరీ వైపు పట్టాల మధ్య 2.0 వోల్టులు, 0.45 ఆంపియర్లు, రిలే వైపు 1.8 వోల్టులు, 0.20 ఆంపియర్లు ఉన్నాయనుకుందాం. సగటు 1.9ని తేడా 0.25తో భాగిస్తే 7.6 ఓంలు. పొడవు రెట్టింపైతే కారే దారులూ రెట్టింపు కాబట్టి కిలోమీటరుకు లెక్కిస్తే అందులో సగం, 3.8. కిలోమీటరుకు స్టేషన్ యార్డులో కనీసం 2 ఓంలు, స్టేషన్ల మధ్య కనీసం 4 ఓంలు ఉండాలన్నది భారతీయ రైల్వే ప్రమాణం. అంటే ఈ లైను యార్డుకు పనికొస్తుంది, బయటి సెక్షనుకు చాలదు.

ఇప్పుడు గుణించి చూడండి. పట్టాలకు అందిన సామర్థ్యం 0.9 వాట్లు. రిలేకు దక్కింది 0.36. సగటు కరెంటును రెండు చివరల వోల్టేజీల తేడాతో గుణిస్తే, పట్టాల్లో వేడిగా పోయింది 0.065. మిగిలిన 0.475 వాట్లు, అంటే సగానికి పైగా, కంకర పాలైంది.

వాన పడితే కంకర నిరోధం తగ్గి కారుడు పెరుగుతుంది. అది మరీ ఎక్కువైతే బండి లేకపోయినా రిలే పడిపోతుంది, రైళ్లు ఆగిపోతాయి. వేసవిలో దీనికి ఎదురు: కంకర ఎండి నిరోధం పెరిగితే రిలేకు కరెంటు ఎక్కువై, బండి వచ్చినా అది పడకపోవచ్చు. మొదటిది ఆలస్యం, రెండోది ప్రమాదం. అందుకే పట్టాల మధ్య 0.5 ఓం నిరోధం పెట్టినా రిలే పడిపోతోందా అని పరీక్షిస్తారు. చక్రాలకూ పట్టాలకూ మధ్య తుప్పు, మురికి ఉన్నా బండి జాడ తెలిసి తీరాలన్నది ఈ కొలత ఉద్దేశం. వానాకాలానికి సరిపెట్టిన సర్క్యూట్ మేలో కూడా సరిపోతుందని నమ్మకూడదు.

కరెంటు బండ్లు వచ్చాక చిక్కు పెరిగింది. సికింద్రాబాద్‌లోని లాలాగూడ షెడ్డుకు చెందిన డబ్ల్యూఏపీ-7 ఇంజను 6,350 హార్స్ పవర్ది, అంటే దాదాపు 4,740 కిలోవాట్లు. పై తీగలో ఉండేది 25,000 వోల్టులు. నష్టాలు వదిలేసి భాగిస్తే సుమారు 190 ఆంపియర్లు. అదంతా తిరిగి వెళ్లడానికి పట్టాలూ ఒక దారి. అర ఆంపియరు కూడా లేని సిగ్నల్ కరెంటు అదే చోట తన పని తాను చేసుకోవాలి. అందుకని చాలాచోట్ల ఒక పట్టాను ఇంజను కరెంటుకు వదిలి, రెండోదాన్ని సిగ్నల్‌కు ప్రత్యేకిస్తారు; ఏసీ కరెంటుకు చలించని రిలేలు వాడతారు. ఇరుసులను లెక్కించే యాక్సిల్ కౌంటర్లు ఇప్పుడు చాలా సెక్షన్లలో ట్రాక్ సర్క్యూట్ల స్థానంలోకి వస్తున్నాయి. వాటికి కంకర తడితో పనిలేదు.