సరిహద్దు దాటిన తేయాకు

యుద్ధకాలపు దొంగరవాణా అనగానే మన రచయితల ఊహలో ఒక మూస పాత్ర మెదులుతుంది: ప్రజల నోటికాడి కూడు కాజేసే బ్లాకు మార్కెట్ వ్యాపారి. ఆ పాత్ర అబద్ధం కాదు. కాని నిజమంతా అందులోనే లేదు. ఐర్లండు సరిహద్దు చరిత్ర ఈ సంగతి స్పష్టం చేస్తుంది.

1921లో బ్రిటిష్ పాలకులు ఐర్లండును రెండుగా చీల్చారు. 1923లో ఆ గీత మీద సుంకపు ఠాణాలు వెలిశాయి. గీతకు ఇరుపక్కలా ఉన్నవాళ్లు చుట్టాలే. వెళ్లే సంతలూ ఒకటే. 1939లో ఉత్తర భాగం బ్రిటన్‌తోపాటు యుద్ధంలోకి దిగింది. దక్షిణం తటస్థంగా నిలిచింది.

ఉత్తరాన 1940 జనవరిలో వెన్నకూ పంచదారకూ రేషను వచ్చింది. దక్షిణాన పాడి పుష్కలం. పంచదార బీటుదుంపల నుంచి అక్కడే తయారయ్యేది. కనుక ఆ సరుకులు ఉత్తరానికి నడిచాయి. తేయాకు కథ దీనికి తలకిందులు. అది లండను వర్తకుల చేతుల మీదుగా రావలసిందే. తటస్థతపై కినుక వహించిన చర్చిల్ ప్రభుత్వం 1941లో సరఫరాను కోసివేసింది. ఉత్తరాన మనిషికి వారానికి రెండు ఔన్సులుంటే, దక్షిణాన అర ఔన్సు, అంటే 14 గ్రాములు మిగిలింది. సరఫరాల మంత్రి షాన్ లెమాస్‌కు జనం పెట్టిన ఎకసెక్కపు పేరు 'అర ఔన్సు లెమాస్'.

రైళ్లలో, సైకిళ్ల మీద, కాలిబాటల్లో ఆడవాళ్లు కోట్ల కిందా, పసిపిల్లల బండ్లలోనూ పొట్లాలు దాచి గీత దాటారు. చట్టం దృష్టిలో వాళ్లు నేరస్థులు. ఊరి దృష్టిలో కాదు. ఎందుకని? ఆ గీతను వాళ్లు గీయలేదు. ఆ కొరతను వాళ్లు సృష్టించలేదు.

అయితే ఇక్కడే విమర్శకుడు జాగ్రత్తపడాలి. పొట్లం దాచిన ఇల్లాలినీ, అదే అదనుగా లాభాలు గడించిన వ్యాపారినీ ఒకే గాట కట్టకూడదు. దొంగసరుకు ధర డబ్బున్నవాడికే అందుతుంది. రేషను కార్డు పేదవాడికి ఎంతో కొంత భరోసా. 1943లో బెంగాలులో లక్షలాది జనం ఆకలితో చనిపోతుంటే బియ్యం దాచినవాళ్లను ఏ సరిహద్దు కథా సమర్థించదు.

మరొక్క మాట. ఆ తేయాకు మన దేశంలోనూ సింహళంలోనూ కూలీలు కోసినది. సామ్రాజ్యం దాన్ని ఒక చేత్తో ఇక్కడ పిండుకుని, రెండో చేత్తో అక్కడ ఆయుధంగా వాడుకుంది.

దొంగరవాణా మీద కథ రాసే రచయిత ముందుగా అడగవలసింది 'ఎవడు దొంగ?' అని కాదు; 'గీత ఎవడు గీశాడు, కొరతతో ఎవడు బాగుపడ్డాడు?' అని. ఆ ప్రశ్న లేని కథ పోలీసు రిపోర్టుగానే మిగులుతుంది.