అట్టపెట్టె మీది బొమ్మ కథ

ఒక్కడే కూర్చుని వీడియో గేమ్ రాసి, దాన్ని తనే అమ్ముకున్న తొలితరం కుర్రాళ్లలో రిచర్డ్ గారియట్ ఒకడు. 1979–80 ప్రాంతపు మాట. టెక్సాస్‌లో హ్యూస్టన్ దగ్గర హైస్కూలు చదువుకుంటూ, ఒక కంప్యూటర్ల దుకాణంలో పనిచేస్తూ, ఆపిల్ 2 మీద ‘అకలబెత్’ అనే ఆట రాశాడు. ఫ్లాపీ డిస్కునూ, జిరాక్స్ తీసిన కాగితాలనూ వంటింట్లో వాడుకునే జిప్‌లాక్ సంచీలో పెట్టి ఆ దుకాణంలోనే అమ్మకానికి ఉంచాడు. సంచీలోంచి పైకి కనిపించే ముఖచిత్రం గీసింది ఎవరో కాదు, వాళ్లమ్మ హెలెన్. ఆవిడ చిత్రకారిణి. నాన్న ఓవెన్ గారియట్ 1973లో స్కైలాబ్‌లో గడిపి వచ్చిన వ్యోమగామి. తండ్రి రోదసి చూసి వస్తే, కొడుకు నేలకింది చీకటి గదుల ఆట అల్లుకున్నాడు. దానికి ముఖం మాత్రం అమ్మ గీసిపెట్టింది.

ఈ సంగతి చదివిన దగ్గర్నుంచీ ఆటల ముఖచిత్రాల వెంటపడ్డాను. ఇవాళ స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో సొంత ఆట పెట్టుకునే ఇండీ డెవలపర్‌కు, అంటే పెద్ద సంస్థల అండ లేకుండా ఆటలు చేసుకునేవాడికి, నిద్రపట్టనివ్వని ప్రశ్న గారియట్ ముందూ ఉన్నదే: నా ఆట పేరు ఎవరూ వినలేదు, దాటుకుంటూ వెళ్లిపోయే మనిషిని ఒక్క క్షణం ఆపేదెలా? గారియట్ విషయంలో సంచీ పని చేసింది. ఒక ప్రతి కాలిఫోర్నియా పసిఫిక్ అనే ప్రచురణ సంస్థకు చేరింది. వాళ్లు ఆటను తీసుకుని కొత్త ముఖచిత్రంతో వేశారు. ఆ బొమ్మ వేసిన డెనిస్ లూబే తర్వాత గారియట్ ‘అల్టిమా’ ఆటలకూ ఎన్నో ఏళ్లు బొమ్మలు వేశాడు. ముప్పై వేల ప్రతులు పోయాయనీ, ప్రతికి 5 డాలర్ల చొప్పున తనకు ముట్టిందనీ గారియట్ తర్వాతి కాలంలో చెప్పుకున్నాడు.

అయితే ఆట పెట్టె మీద బొమ్మ ఎలా ఉండాలన్న ఆలోచన ఆ సంచీతో మొదలు కాలేదు. దాని అసలు పుట్టిల్లు అటారీ అనే అమెరికా వీడియో గేమ్ కంపెనీ. నేను అన్నిటికన్నా ఇష్టపడే కాలం కూడా అదే కాబట్టి అక్కడ కాస్త ఎక్కువసేపే ఆగుతాను.

1977లో అటారీ ఇంటి టీవీకి తగిలించుకునే యంత్రాన్నీ, దాంతోపాటు తొమ్మిది ఆటల కార్ట్రిడ్జులనూ బజారులోకి తెచ్చింది. తర్వాత ‘2600’ పేరుతో అందరికీ గుర్తుండిపోయిన యంత్రం అదే. పని చేసేటప్పుడు అది వాడుకునే మెమరీ మొత్తం 128 బైట్లు. తెలుగులో ఒక్కో అక్షరరూపానికి కంప్యూటర్ మూడు బైట్లు తీసుకునే లెక్కన మీరిప్పుడు చదువుతున్న ఈ వాక్యం కూడా అందులో పట్టదు. అంత ఇరుకులో తెర మీద కదిలేవి గళ్లూ గీతలే. ఆ గళ్లను పెట్టె మీద అచ్చేస్తే కొనేదెవరు?

అటారీ డిజైన్ విభాగాన్ని నడిపినవాడు జార్జ్ ఆపర్‌మన్. అటారీ చిహ్నం ఆయన చేతిదే. పెట్టెల బొమ్మల కోసం ఆయన క్లిఫ్ స్పాన్ అనే చిత్రకారుణ్ణి పట్టుకున్నాడు. యంత్రంతోపాటే ఇచ్చిన ‘కంబాట్’ పెట్టె చూడండి. ఒకే చట్రంలో యుద్ధ ట్యాంకులు, పాతకాలపు రెండు రెక్కల విమానాలు, జెట్లు ఒకదానిలోంచి ఒకటి దూసుకొస్తాయి. అది చిత్రకారుడి సరదా మాత్రమే కాదు. ఆ ఒక్క కార్ట్రిడ్జిలో 27 రకాల ఆటలున్నాయి, పెట్టె మీద ఆ అంకె కూడా వేశారు. ట్యాంకుల ఆట, జెట్ల ఆట, అన్నీ ఒక్క బొమ్మలో చెప్పాలి. అందుకే ఆ కలగలుపు. వేగంగా లాగిన గీతలు, అక్కడక్కడా వదిలేసిన తెలుపు, అంచుల్లో కరిగిపోయే ఆకారాలు — స్పాన్ వేసిన ఈ బాణీయే అటారీ బాణీ అయింది. తర్వాత వచ్చిన చిత్రకారులు దాన్నే అందుకున్నారు.

వాళ్లలో రిక్ గైడిస్ ఒకడు. అటారీకి రాకముందు ఆయన నాసా ఏమ్స్ పరిశోధనా కేంద్రం కోసం అంతరిక్ష కాలనీల బొమ్మలు వేశాడు. పెద్ద గొట్టంలాంటి నిర్మాణం లోపల కొండలు, నదులు, ఇళ్లు ఉండే ఆ చిత్రాలు ఇప్పటికీ జనం పంచుకుంటూనే ఉంటారు. ఇంకా కట్టని ప్రపంచాన్ని కళ్లకు కట్టడంలో చెయ్యి తిరిగినవాడు, నాలుగు గళ్ల వెనకున్న ప్రపంచాన్ని చూపించడానికి కూర్చున్నాడు. ఇంతకన్నా తగిన మనిషి దొరుకుతాడా?

వారెన్ రాబినెట్ రాసిన ‘అడ్వెంచర్’ ఆటలో కథానాయకుడు ఒక చిన్న చదరం. కత్తి అంటే ఒక బాణం గుర్తు. డ్రాగన్‌ను చూస్తే బాతు అనుకుంటారు. సూజన్ జేకెల్ వేసిన పెట్టె మీద మాత్రం నిజమైన డ్రాగన్ ఉంది, దారి తప్పించే గోడలున్నాయి, కోట ఉంది. దీన్ని మోసం అన్నవాళ్లున్నారు. నేనొప్పుకోను. పిల్లలు పెట్టెను టీవీ పక్కనే పెట్టుకుని ఆడేవారు. తెర మీద చదరం కదులుతుంటే మనసులో పెట్టె మీది మనిషి కదిలేవాడు. ఆటలో సగం అచ్చయి వచ్చేది. చిత్రకారిణి చేసింది ఆటను పూర్తి చేయడం.

తమకు పేరు దక్కడం లేదని అటారీ నుంచి బయటికొచ్చిన ప్రోగ్రామర్లు 1979లో యాక్టివిజన్ అనే కంపెనీ పెట్టినప్పుడు సరిగ్గా ఎదురు దారి పట్టారు. ఒకే రంగు నేపథ్యం మీద, తెరపై కనిపించే దృశ్యానికే కాస్త నగిషీ పెట్టి వేశారు. ఆట రాసినవాడి పేరు గర్వంగా ప్రకటించారు. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ 1983లో తొలి ఆటలను పాటల ఎల్పీ రికార్డుల కవర్లలాంటి పల్చటి అట్టల్లో పెట్టింది. అదే ఏడాది అమెరికాలో వీడియో గేమ్‌ల మార్కెట్ కుప్పకూలింది. 1985లో నింటెండో అమెరికాలో అడుగుపెట్టినప్పుడు నల్లటి పెట్టెల మీద ఆటలోని పిక్సెళ్లనే పెద్దవి చేసి వేసింది. నమ్మకం పోయిన బజారులో ఉన్నది ఉన్నట్టు చూపించడమే మేలనుకుంది.

ఇంగ్లండులో ఆటలు క్యాసెట్ల మీద వచ్చేవి. ఆట ఎక్కడానికి నిమిషాలు పట్టేది కాబట్టి ఆ సేపంతా కుర్రాళ్ల చేతిలో ఉన్నది క్యాసెట్ అట్టే. ఓషన్ సంస్థకు బాబ్ వేక్‌లిన్ వేసిన అట్టలను ఆ తరం వాళ్లు ఇప్పటికీ తలుచుకుంటారు.

1990ల తొలి ఏళ్లలో వచ్చిన ‘ఫాలాంక్స్’ సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. అది అంతరిక్షంలో ఓడలను కాల్చే ఆట. అమెరికాలో అమ్మిన సూపర్ నింటెండో పెట్టె మీద మాత్రం గడ్డం పెంచుకున్న ఒక ముసలాయన కూర్చుని బాంజో వాయిస్తుంటాడు, వెనక ఎక్కడో చిన్నగా ఓ ఓడ. అలమర నిండా అంతరిక్ష నౌకలే ఉన్నప్పుడు ఇంకో నౌక ఎవరి కంటా పడదని, ప్యాకింగ్ రూపొందించినవాళ్లు కావాలనే చేశారు. బొమ్మ ముప్పై ఏళ్లు దాటినా జనానికి గుర్తుంది. లోపలి ఆట ఎలా ఉంటుందో చెప్పగలిగేవాళ్లు తక్కువ. కంటపడటం వేరు, ఆటను తెలియజెప్పడం వేరు అని ఇంత చక్కగా చూపించే ఉదాహరణ ఇంకోటి నాకు దొరకలేదు. ఆ రెండూ కలిసొచ్చినది 2001 నాటి ‘ఇకో’. ఫుమిటో ఉయెదా తను చేసిన ఆటకు తనే, ఇటలీ చిత్రకారుడు డి కిరికో ప్రభావంతో, పొడవాటి నీడల మధ్య చేతులు పట్టుకుని పరుగెత్తే ఇద్దరు పిల్లల్ని గీశాడు. అమెరికాలో ఆ బొమ్మ తీసేసి ఇంకేదో మామూలు బొమ్మ వేశారు. తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

తర్వాత అలమరలే పోయాయి. 2003లో మొదలైన స్టీమ్ రెండేళ్లకు బయటివాళ్ల ఆటలూ అమ్మసాగింది. 2017 నుంచి 100 డాలర్లు కట్టి ఎవరైనా ఆట పెట్టొచ్చు. అక్కడ ముఖచిత్రాన్ని క్యాప్సూల్ అంటారు. చిన్న క్యాప్సూల్ కొలత చాలా ఏళ్లపాటు 231×87 పిక్సెళ్లు. దాన్ని స్టోరే ఇంకా కుదించి 120×45 చేసేది. మామూలు మానిటర్ మీద అది మూడు సెంటీమీటర్ల వెడల్పు, సెంటీమీటరు చిల్లర ఎత్తు, పెద్దసైజు తపాలా బిళ్ళ కన్నా చిన్నది. స్పాన్ కలగలుపు బొమ్మను అందులో పెడితే మిగిలేది మురికి మరక.

అందుకే ఈ పని తెలిసినవాళ్లు బొమ్మను పెద్దగా వేసి మురిసిపోరు. ముందు చిన్నది చేసి, మిగతా ఆటల మధ్య పెట్టి, కాస్త దూరం జరిగి చూస్తారు. పేరు చదవగలుగుతున్నామా? ఆకారం ఒక్కటైనా నిలబడిందా? స్టీమ్ ముదురు నీలం మీద రంగు మునిగిపోలేదు కదా? పోరాటమా, పొలం పనా, పజిలా అన్నది తెలుస్తోందా? బాగా చిన్న సైజులో బొమ్మను దాదాపు వదిలేసి పేరుతోనే చట్రం నింపమని స్టీమ్ కూడా చెబుతుంది. ఆస్ట్రేలియాలో అడిలైడ్‌కు చెందిన టీమ్ చెర్రీ 2017లో తెచ్చిన ‘హాలో నైట్’ను చూడండి. తెల్లటి ముసుగు, రెండు కొమ్ములు, రెండు నల్లటి కంటిగుంటలు. ఎంత కుదించినా ఆ ముఖం చెదరదు. కథానాయకుణ్ణి రూపొందించేటప్పుడే ముఖచిత్రం సగం తయారైపోయింది. ఆట అంతా అయ్యాక, విడుదలకు వారం ముందు బొమ్మ కోసం పరుగెత్తేవాళ్లకు ఈ సౌకర్యం ఉండదు.

కొందరు ఆ కాస్త చోటులోనే అవార్డుల పేర్లు, రివ్యూల మార్కులు, తగ్గింపు ధరలు కూడా కుక్కారు. 2022 సెప్టెంబరు 1 నుంచి స్టీమ్ వాటిని ఆపేసి బొమ్మ, ఆట పేరు, ఉంటే ఉపశీర్షిక, అంతే ఉండాలంది. మంచి నిర్ణయం. చిత్రకారుడికి తన చోటు తిరిగొచ్చింది. 2019లో సొంత ఆటల లైబ్రరీ కోసం 600×900 నిలువు చట్రం పెట్టడంతో పాత పెట్టె ఆకారం కూడా తెరమీదికి వచ్చింది. తమకు నచ్చని ముఖచిత్రాలు మార్చుకోవడానికి సొంతంగా గీసి పంచుకునే అభిమానులు స్టీమ్‌గ్రిడ్‌డీబీ అనే సైట్‌లో కుప్పలుతెప్పలుగా ఉన్నారు.

రానిదల్లా పేరు. స్టీమ్ పేజీలో డెవలపర్ పేరుకు గడి ఉంది, పబ్లిషర్ పేరుకు గడి ఉంది. ముఖచిత్రం వేసినవారి పేరుకు లేదు. ఒక ఆటను కొనాలా వద్దా అని మనం తేల్చుకునే ఆ రెండు క్షణాల్లో చూసేది వాళ్ల చేతి పనినే. ఇండీ డెవలపర్లు ఆట వివరణలో కింద ఒక్క వాక్యం చేర్చి ఆ పేరు రాయొచ్చు, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.