మీటల మీద మన పాట: మాస్టర్ వేణు



పాత తెలుగు సినిమా చూస్తున్నారనుకోండి. కథానాయకుడు కోటు తొడుక్కుని నిగనిగలాడే పియానో ముందు కూర్చుంటాడు. వేళ్ళు అటూ ఇటూ పరుగెడతాయి. చుట్టూ అతిథులు, మెట్ల మీద కథానాయిక. పాడే గొంతు ఘంటసాలగారిదని మనం ఇట్టే చెప్పేస్తాం. మరి పియానో పలికించిన వేళ్ళు ఎవరివి? ఆ ప్రశ్న మనకు తోచనే తోచదు. కనిపించిన వాళ్ళకు చప్పట్లు, పాడిన వాళ్ళకు పేరు. వాయించిన వాళ్ళని అడిగే దిక్కుండదు. వంటలో ఉప్పు ఉన్నంతసేపూ ఎవరూ దాని మాట ఎత్తరు చూడండి, అలాగన్నమాట!

ఇవాళ అలాంటి వేళ్ళున్న ఒక తెలుగువాడి సంగతి చెప్పుకుందాం. ఆయన మాస్టర్ వేణు. పుట్టింది బందరులోనే అయినా, ఆయన కథకు మన పులివెందుల ప్రాంతంతో గట్టి సంబంధమే ఉంది.

ముందు పియానో సంగతి. యూరపు దేశాల్లో పియానో నడిమింటి వస్తువు. 88 మీటలు, లోపల తీగలు, ఆ తీగలను కొట్టే చిన్న చిన్న సుత్తులు. అంత బరువు, అంత ఖరీదు మన ఇళ్ళకు ఎక్కడ అమరుతుంది? మన దగ్గరకు వచ్చింది దానికి వరసకు చెల్లెలి లాంటిది, హార్మోనియం. పారిస్‌లో అలెగ్జాండర్ దెబెయిన్ అనే ఆయన 1840 ప్రాంతంలో దానికి రూపం ఇచ్చాడు. కాళ్ళతో తొక్కుతూ వాయించే ఆ పెట్టెను కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ 1875లో ఒళ్ళో పెట్టుకుని చేత్తో గాలి కొట్టేలా మార్చాడు. ఇంకేముంది, ఊరూరా పాకిపోయింది. ప్రొద్దుటూరు అమ్మవారిశాల భజనలోనూ, జమ్మలమడుగు చర్చి ఆదివారపు పాటలోనూ మీరు వినే ఉంటారు.

అన్నిటికీ మించి మన నాటకాలకు అదే ప్రాణం. మన కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో వనారస గోవిందరావుగారు ‘కీచకవధ’ ఆడి సురభి నాటక సమాజానికి నాంది పలికారు. మిగతా చోట్ల ఆడవేషాలు మగవాళ్ళే వేస్తున్న రోజుల్లో సురభివారి ఇళ్ళ ఆడవాళ్ళు ధైర్యంగా రంగస్థలం ఎక్కారు. వాళ్ళ పద్యానికి శ్రుతి నిలబెట్టింది కూడా ఈ హార్మోనియం పెట్టే!

మరి పెద్ద విద్వాంసులు దాన్ని ఎందుకు ఈసడించుకున్నారంటారా? కారణం లేకపోలేదు. మన సంగీతంలో స్వరం బొమ్మలా నిలబడి ఉండదు, ఊగుతుంది. ఒక స్వరం నుంచి మరో స్వరానికి జారుతుంది. దీన్నే గమకం అంటారు. గొంతులో అది వస్తుంది, వీణ మీద తీగను లాగితే వస్తుంది. మీటకు ఆ విద్య లేదు. నొక్కితే పలుకుతుంది, వదిలితే ఊరుకుంటుంది. మేడకు మెట్లు ఉన్నాయిగాని జారుడుబల్ల లేదన్నమాట. అందుకే 1940 మార్చి 1 నుంచి ఆలిండియా రేడియో హార్మోనియాన్ని స్టూడియో గడప తొక్కనివ్వలేదు. దాదాపు 30 ఏళ్ళు గడిచాక, 1971లో గాని ఆ పట్టు సడలలేదు.

సరిగ్గా ఆ నిషేధపు రోజుల్లోనే మీటల వాద్యం పట్టుకుని పైకి వచ్చినవాడు మన వేణు. అసలు పేరు మద్దూరి వేణుగోపాల్. 1916లో పుట్టారు. చిన్ననాడే హార్మోనియం వాయించి మెప్పించడంతో పేరుకు ముందు ‘మాస్టర్’ చేరింది. పెద్దవారైనా అది పోలేదు! బొంబాయి వెళ్ళి మనహర్ బార్వే సంగీత విద్యాలయంలో చదువుకున్నారు. గూడవల్లి రామబ్రహ్మంగారి ‘మాలపిల్ల’కు, అంటే 1938లో, సంగీత దర్శకుడు భీమవరపు నరసింహారావుగారికి సహాయకుడిగా పనిచేశారు.

ఆ తర్వాత మద్రాసులో ఆయన చేతికి కొత్త వాద్యం అందింది, హామండ్ ఆర్గాన్. అమెరికాలో లారెన్స్ హామండ్ 1935లో తెచ్చిన యంత్రం అది. చేతులకు రెండు వరసల మీటలు, కాళ్ళకు మరో వరస. అందులో తీగలూ లేవు, గాలీ లేదు. కరెంటుతో లోహపు చక్రాలు తిరుగుతుంటే వాటి నుంచి నాదం పుడుతుంది. పియానోలో మీట నొక్కిన మరుక్షణం నుంచి నాదం సన్నగిల్లుతూ పోతుంది. ఇందులో మీట నొక్కి ఉంచినంతసేపూ మన తంబురాలా నిలిచి ఉంటుంది. పైగా కొన్ని పుల్లలు లాగి ఒకసారి వేణువులా, ఒకసారి గంభీరంగా పలికించవచ్చు. దక్షిణాది సినిమాల్లో దీన్ని మొదట్లో వాయించిన వాళ్ళలో వేణు ఒకరు. విజయావారి వాద్యబృందంలో చేరి, ఘంటసాలగారి సంగీతంలో వచ్చిన 1951 నాటి ‘పాతాళభైరవి’కి ఆయన వాయించారు.

విజయా సంస్థ అంటే ఎవరిది? మన పులివెందుల ప్రాంతం నుంచి వెళ్ళిన బి. నాగిరెడ్డిగారూ, ఆయన మిత్రుడు చక్రపాణిగారూ కలిసి నడిపినది. పిల్లలకు ‘చందమామ’ ఇచ్చిన చేతులే అవి. నాగిరెడ్డిగారి అన్న బి.ఎన్.రెడ్డిగారు ‘మల్లీశ్వరి’ తీసిన మహానుభావుడు. 1974లో అన్నకూ 1986లో తమ్ముడికీ దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం వచ్చిందంటే, మన మెట్టపొలాల ఊళ్ళకు అంతకన్నా గర్వం ఏముంటుంది?

వేణు ఒకరి చాటున వాయించిన రోజులు గడిచి, స్వయంగా సంగీత దర్శకుడిగా నిలదొక్కుకున్నది ‘రోజులు మారాయి’తో. 1955లో తాపీ చాణక్యగారి దర్శకత్వంలో వచ్చింది. అందులో కొసరాజుగారు రాయగా జిక్కి పాడిన ‘ఏరువాక సాగారో’ తెలియని ఇల్లుందా? వహీదా రెహమాన్ చేసిన నృత్యం సరేసరి. ఇక్కడ ఒక చిత్రం గమనించండి. ఇంగ్లీషు వాద్యంలో ఆరితేరిన మనిషికి ఎనలేని పేరు తెచ్చింది ఏమిటి? నాగలి కట్టే రైతు పాట! మీటల ప్రతాపం చూపిద్దామని ఆయన పాటకు అడ్డం పడలేదు. మన పల్లెల ఏరువాక ఊపును పట్టుకుని, దానికి ఎంత కావాలో అంతే వాద్యం జోడించారు.

ఆ వరస బొంబాయి దాకా నడిచింది. 1960లో వచ్చిన ‘బంబై కా బాబూ’ అనే హిందీ చిత్రంలో ఎస్.డి. బర్మన్ సంగీతంలో ఆశా భోంస్లే పాడిన పాటను ఒక్కసారి వినండి. మన ఏరువాకే వేషం మార్చుకుని ఎదురొస్తుంది! ఆ హిందీ పాట విన్నవాళ్ళలో బందరు వేణు పేరు తెలిసినవాళ్ళు ఎందరు చెప్పండి?

అదే 1960లో బి.ఎన్.రెడ్డిగారు ‘రాజమకుటం’ తీస్తూ సంగీతం ఈయనకే అప్పగించారు. ‘మల్లీశ్వరి’కి సాలూరి రాజేశ్వరరావుగారి చేత అంత గొప్ప సంగీతం చేయించుకున్న మనిషి ఆషామాషీగా ఎవరినీ పిలవరు కదా! ఆ చిత్రంలో దేవులపల్లి కృష్ణశాస్త్రిగారి మాటలకు వేణు కట్టిన వరసే పి. లీల పాడిన ‘సడిసేయకో గాలి’. ఇవాళ రాత్రి పిల్లలు పడుకున్నాక ఒకసారి శ్రద్ధగా వినండి. గాలిని కూడా చప్పుడు చేయవద్దని బతిమాలే పాటలో వాద్యాలు హోరెత్తితే అర్థం ఉంటుందా? అక్కడ వాద్యాలు గొంతు వెనకాలే మునివేళ్ళ మీద నడుస్తాయి. మీట చేయలేని గమకాన్ని లీల గొంతుకు వదిలిపెట్టి, మీటకు చేతనైన పని మాత్రమే దాని చేత చేయించారు. నిషేధం పెట్టిన పెద్దలు చెప్పిన లోపం నిజమే. ఆ లోపం ఎరిగి వాయించేవాడుంటే వాద్యాన్ని వెలివేయనక్కరలేదని ఆయన వరసలే చెబుతున్నాయి.

‘తోడికోడళ్ళు’ (1957), ‘మాంగల్యబలం’ (1959), ‘సిరిసంపదలు’ (1962) వంటి చిత్రాలకూ ఆయనే సంగీతం. 1981లో కన్నుమూశారు. నటుడు భానుచందర్ ఆయన కుమారుడే.

ఇప్పుడు మన ఊళ్ళలోనూ పిల్లలకు పుట్టినరోజుకు కీబోర్డు కొనిపెట్టడం మామూలైపోయింది. పెద్దవాళ్ళు “దాని మీద మన సంగీతం రాదు, దండగ” అంటే చిన్నబుచ్చుకోకండి, అలాగని వాళ్ళ మాట పూర్తిగా కొట్టిపారేయకండి. పిల్లవాడిని ముందు గొంతెత్తి పాడమనండి. ఏ స్వరం ఎక్కడ ఊగుతోందో చెవికి పట్టుబడ్డాక మీట నొక్కమనండి. అప్పుడు మీట ఎక్కడ చాలదో వాడికే తెలుస్తుంది.

ఇంకొక చిన్న కోరిక. ఏరువాక పున్నమినాడు ఆ పాట ఎక్కడైనా వినబడితే, పక్కనున్న పిల్లలతో ఇది రాసింది కొసరాజు, పాడింది జిక్కి, వరస కట్టింది మాస్టర్ వేణు అని మూడు పేర్లూ చెప్పండి. సెలవు.