నింపుడు మాటలు

వ్రాతలో నొక్క మాటయే మాటిమాటికి దొరలుట ఈ కాలపు దోషమని పలువురు తలంతురు. కాని యీ చర్చ మిక్కిలి ప్రాచీనము. యాస్కుడు నిరుక్తమున నిపాతములను వివరించుచు, కొన్ని యవ్యయములు పద్యమున పాదమును, గద్యమున వాక్యమును నింపుటకే వచ్చునని చెప్పినాడు. పద్యము రచించువానికి గణమను నెపమైన గలదు. వచనము వ్రాయువానికి అదియు లేదు గదా!

11వ శతాబ్దమున కాశ్మీరదేశీయుడగు మమ్మటుడు కావ్యప్రకాశమున నీ దోషములను విడదీసి చూపెను. పాదపూరణమునకు మాత్రమే వచ్చిన చకారాదులు నిరర్థకములు. అక్కఱలేని పదమున్నచో అధికపదము. చెప్పిన పదమునే ఊరక మరల చెప్పినచో కథితపదము. మొదటి రెంటికి కొట్టివేతయే మందు. మూడవదానికి ఆలోచన కావలయును; ఏలయన ఒక్కొక్కచోట అదియే గుణమగునని యాతడే యొప్పుకొనెను. సూర్యుడు ఉదయమునను అస్తమయమునను ఎఱ్ఱగానే యుండునని చెప్పునప్పుడు, రెండవచోట 'ఎఱ్ఱ'కు బదులు పర్యాయపదము వేసినచో రంగు మాఱినదను భ్రాంతి కలుగును.

ఇంగ్లీషువారికి ఇంచుమించుగా నీ మాటనే ఫౌలరు సోదరులు 1906లో 'ది కింగ్స్ ఇంగ్లీష్' అను గ్రంథమున చెప్పవలసివచ్చెను. ఒక్క వస్తువునకే వాక్యమున కొక పేరు పెట్టు వేడుకను వారు 'ఎలిగెంట్ వేరియేషన్' అని యెగతాళి చేసిరి.

అమరకోశము వల్లించిన మనకు ఈ వేడుక మఱింత సులభము. మొదటి పంక్తిలోని స్త్రీ మూడవ పంక్తిలో వనితయు, ఆపై లలనయు, తుదకు అబలయు నగును. అమరసింహుడు స్త్రీపర్యాయములలో అబలను తొలివరుసనే చేర్చెను. నిఘంటువున కది తగును. కాని హిందూ వితంతువునకు భర్త యాస్తిలో పరిమితమైన హక్కు నిచ్చిన 1937 నాటి చట్టమును సమర్థించు వ్యాసమున, పునరుక్తికి వెఱచి 'అబల' యని వ్రాసినవాడు తన వాదమును తానే కూల్చుకొనుటలేదా? బలము లేనిదని పేరు పెట్టి హక్కు నిలుపుకొమ్మనుట యెట్లు? అచ్చట వితంతువు పదిమారులు వితంతువుగానే యుండుట మేలు.

తెలుగు వచనమున నింపుడు మాటలు వేఱు: 'యొక్క', 'మఱియు', 'అట్టి'. 'రాముని యొక్క పుస్తకము' రాముని పుస్తకమైనచో లోపమేమి? ఇంగ్లీషును మాటకు మాట తెలిగించు నలవాటు వీనిని పెంచినది.

వ్రాసిన కాగితమును నాలుగు దినములు దాచి బిగ్గఱగా చదువవలయును. కన్ను విడిచిన మాటను చెవి పట్టుకొనును. దానిని తీసి చదివినపుడు అర్థము చెడకున్న, పోవలసినదే. చెడినచో పర్యాయమునకై వెదకక, వాక్యములను కలుపవచ్చునేమో చూడవలయును. 'వితంతువు హక్కు కోరెను. వితంతువునకు ఆ హక్కు ఈయబడలేదు' అనుదానికి 'వితంతువు కోరిన హక్కు నీయలేదు' అన్న చాలును. ఈయనివా రెవరో చెప్పిన మఱియు మేలు.