వాల్వు స్ప్రింగు చరిత్ర

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పల్లములో కొల్లేరు ఉన్నది. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీరు ఇందులో చేరి ఉప్పుటేరు గుండా సముద్రమునకు పోవును. పెద్దింట్లమ్మ వెలసిన కొల్లేటికోట చుట్టుప్రక్కల సేద్యమంతయు నీటిని పెట్టుటలోనో, తోడివేయుటలోనో ఉన్నది. ఒకప్పుడు ఈ పని గూడ, ఏతము చేసెడివి. తరువాత ఆయిలింజను వచ్చినది. 1970ల తరువాత చేపల చెరువులు విస్తరించగా దాని అవసరము మరింత పెరిగినది. 1999లో సరస్సు అభయారణ్యమైనది; 2006లో దాని లోపలి చెరువుల గట్లు అనేకము తెగగొట్టబడినవి. అయినను చుట్టుప్రక్కల చేలకు, చెరువులకు నీరు తోడు పని ఆగలేదు.

వానకాలపు రాత్రి ఇంజను ఆగిపోయినచో తెల్లవారుసరికి నారుమడి మునిగిపోవచ్చును. అట్లు ఆపగల వస్తువులలో ఒకటి బొటనవ్రేలంత తీగచుట్ట. అదే వాల్వు స్ప్రింగు. ఇంజను విప్పి బాగుచేయునప్పుడు పిస్టనుకు, రింగులకు దక్కు శ్రద్ధ దీనికి దక్కదు. ఒక కామ్‌షాఫ్టు తీసి మరొక తీరుది వేసినప్పుడు కూడ పాత స్ప్రింగులే తిరిగి బిగింతురు. లేదా, “గట్టిది వేస్తే పోలా?” అందురు. రెండును పొరపాట్లే. ఏల పొరపాట్లో ఈ స్ప్రింగు చరిత్రయే తెలుపును.

1885లో డైమ్లర్, మేబాక్ నిర్మించిన చిన్న ఇంజనులో గాలి లోనికి వచ్చు వాల్వును తెరచుటకు కామ్ లేదు. పిస్టను దిగునప్పటి చూషణమే దానిని తెరచెడిది. కావున స్ప్రింగు మిక్కిలి బలహీనముగా ఉండవలెను, లేనిచో వాల్వు తెరచుకొనదు. వేగము పెంచవలెనన్న ఈ పద్ధతి అడ్డు వచ్చినది. 1901 నాటి మెర్సిడెస్ కారులో మేబాక్ ఆ వాల్వులకు కూడ కామ్‌లు అమర్చినాడు. అప్పటినుండి స్ప్రింగు ఉద్యోగమే మారిపోయినది. కామ్ వాల్వును నెట్టి తెరచును గాని మూయలేదు. మూయవలసినది, కామ్‌ను విడువకుండ వాల్వును అదిమి పట్టవలసినది స్ప్రింగే.

చేటతో బియ్యము చెరుగుట అందరును చూచినదే. చేటను పైకి ఎగురవేసి చటుక్కున క్రిందికి లాగినచో గింజలు చేటను విడిచి గాలిలో నిలుచును. చేట దిగినంత త్వరగా భూమ్యాకర్షణ గింజలను దింపలేదు. కామ్ చేట వంటిది, వాల్వు గింజ వంటిది. భూమ్యాకర్షణ స్థానమున స్ప్రింగు ఉన్నది. కామ్ ముక్కు దాటునప్పుడు స్ప్రింగు బలము చాలనిచో వాల్వు తేలిపోవును. డీజిలు ఇంజనులో పిస్టనుకు, హెడ్డుకు నడుమ సందు తక్కువ; తేలిన వాల్వు పిస్టనుకు తగిలి వంగును.

కావలసిన బలము వేగపు వర్గముననుసరించి పెరుగును. 1930 ప్రాంతమున ఇంగ్లండులో వెలువడి, తరువాత రాజ్‌కోటలో విస్తారముగా అనుకరింపబడిన లిస్టరు ఇంజను నిమిషమునకు 650 చుట్లు తిరుగును. నాలుగు స్ట్రోకుల ఇంజను గనుక వాల్వు 325 సార్లు తెరచుకొనును. ఇంత నిదానమునకు సామాన్యమైన స్ప్రింగు చాలును. అదే వాల్వును, అదే కామ్‌ను 1500 చుట్లకు త్రిప్పినచో 5 రెట్లకు పైగా బలము కావలెను. 6000 చుట్లకు సుమారు 85 రెట్లు!

అట్లయిన తీగ లావు చేయరాదా? స్ప్రింగు సాగుదల బలమునకు అనుపాతమని హుక్ 1678లో ప్రకటించెను. ఆ గట్టితనము తీగ వ్యాసపు నాల్గవ ఘాతముతో పెరుగును. తీగ 4 మి.మీ. నుండి 4.4 మి.మీ. అయినచో గట్టితనము 1.46 రెట్లగును. లాభమే, కాని లెక్క అక్కడ ఆగదు. ఉదాహరణకు 7 చుట్లు గల స్ప్రింగు బిగించిన ఎత్తు 40 మి.మీ. అనుకొందము. చుట్లన్నియు ఒకదానినొకటి తాకినప్పుడు పాతది 28 మి.మీ.; నొక్కుటకు 12 మి.మీ. జాగా ఉన్నది. వాల్వు 10 మి.మీ. లేచినను 2 మి.మీ. మిగులును. క్రొత్త కామ్ 11.5 మి.మీ. లేపినచో మిగులునది అర మిల్లీమీటరే, అది చాలదు. లావు తీగ వేసితిమా, చుట్లే 30.8 మి.మీ. ఆక్రమించును, జాగా 9.2 మి.మీ. పాత కామ్‌కు కూడ పుష్‌రాడ్ వంగిపోవును! వంగకున్నను అధిక బలము కామ్ ముక్కును అరగదీయును.

మరియొక చిక్కు స్ప్రింగులోనే ఉన్నది. దానికి సహజమైన కంపన పౌనఃపున్యము కలదు. కామ్ దెబ్బలు దానితో కలిసినప్పుడు చుట్లలో అలలు పుట్టి తీగ అలసి విరుగును. ఒకదానిలో ఒకటి ఎదురు చుట్టు గల రెండు స్ప్రింగులు అమర్చుట ఒక ఉపాయము. అమెరికాలో జనరల్ మోటార్స్ పరిశోధకుడు ఆల్మెన్ ప్రభృతులు తీగపై చిన్న ఉక్కు గుండ్లు వేగముగా కొట్టించి, పై పొరలో సంపీడనము నిలిపి, ఆయువును ఎంతో పెంచిరి. అందుకే తీగపై ఆకురాయి గీత పడనీయరాదు. పగులు అక్కడనే మొదలగును.

1954లో మెర్సిడెస్ పందెపు కారులో కామ్‌లే వాల్వును తెరచి మూసినవి. 1986లో రెనో సంస్థ స్ప్రింగుకు బదులు పీడిత వాయువును వాడినది. పంపు ఇంజనుకు ఇంత హంగు అక్కరలేదు. మేస్త్రికి కావలసిన కొలతలు నాలుగు: బిగించిన ఎత్తు, వాల్వు లేచు ఎత్తు, చుట్లు తాకు ఎత్తు, మొదటి రెండు స్థితులలో స్ప్రింగు చూపు బలము. డ్రిల్లింగు మిషను క్రింద కాటా ఉంచి, స్ప్రింగును ఆ ఎత్తులకు నొక్కి చదివినచో ఆ బలము కిలోగ్రాములలో తెలియును.