గోడ మీది కాగితం: ఓరుగల్లులో పాత సినిమా పోస్టర్ల సేకరణ – చరిత్ర రచన

హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయం 1904లో వెలసింది. తెలంగాణ గ్రంథాలయోద్యమానికి తొలి మెట్లుగా నిలిచిన సంస్థల్లో అది ఒకటి. అప్పటినుండి ఓరుగల్లు పుస్తకాన్ని, పత్రికను పదిలపరచుకోవడం అలవరచుకున్నది. 1966లో ఇక్కడినుండి వెలువడడం మొదలైన ‘సృజన’ సంచికలను ఈనాటికీ ఇళ్ళలో దాచుకున్నవారున్నారు. అయితే ఆ కాలంలోనే, చదువు వచ్చినవారూ రానివారూ నడివీథిలో నిలబడి చూసిన అచ్చుకాగితం ఒకటి ఏ గ్రంథాలయం గడపా తొక్కలేదు. అది సినిమా పోస్టర్. శుక్రవారం గోడకెక్కి, మరుసటి శుక్రవారం మరో కాగితం కింద పడిపోవడమే దాని ఆయుర్దాయం. పుస్తకాలను జాతీయ గ్రంథాలయానికి సమర్పించాలని 1954లో చట్టం వచ్చింది. ఆ వరుసలో పోస్టర్ లేదు. కనుక ఈనాడు మనకు మిగిలిన పాత పోస్టర్లలో అధికభాగం అభిరుచి కొద్దీ దాచినవారి పుణ్యమే.

ఆ అభిరుచిని పరిశోధకులు ఇంతవరకు కొంత చిన్నచూపు చూశారు. దానిని గౌరవిస్తూనే ఒక చిక్కును ప్రస్తావించడం ఈ వ్యాసం ఉద్దేశం. పోస్టర్‌లో సేకర్త మెచ్చే గుణమూ, చరిత్రకారుడు వెతికే గుణమూ ఒకటి కావు. చాలాసార్లు ఒకటి నిలవాలంటే రెండవది పోవలసివస్తున్నది.

హనుమకొండలో ఒక పెద్దాయన నలభై ఏళ్ళుగా పోస్టర్లు కూడబెట్టారు. వాటిలో గోడ ఎక్కినవి లేవు. థియేటరు ఆవరణలో అద్దాల చట్రంలో పెట్టినవి, అంటించగా మిగిలినవి, పాత కాగితాల దుకాణంలో తూకానికి వచ్చినవి. ఒక పోస్టర్ విప్పి చూపినప్పుడు దాని అడుగుభాగాన జానెడు పొడవున తెల్లని చతురస్రం కనిపించింది. చుట్టూ ఉన్న రంగు వెలిసింది; ఆ చతురస్రంలో మాత్రం కాగితం నిన్న అచ్చు వేసినట్లున్నది. “అక్కడ టాకీసు వాళ్ళ స్లిప్పు ఉండేది. నీళ్ళు తడిపి జాగ్రత్తగా తీసేసిన. లేకుంటే బొమ్మ పాడైతుండె” అన్నారాయన. ఆయన తప్పేమీ చేయలేదు. సేకర్తల లోకంలో మచ్చలేని ప్రతికే విలువ.

ఆ స్లిప్పులో ఏముంటుందో ఒక్కసారి ఆలోచించాలి. మన పోస్టర్లు బయట అచ్చై వచ్చేవి. చిత్రాల నిర్మాణం, ప్రచార చిత్రకారులు, మంచి ముద్రణాలయాలు మద్రాసులో ఉండగా, తరువాతి కాలంలో శివకాశి ఆఫ్‌సెట్ యంత్రాలు ఆ పనిలో పెద్ద వాటా అందుకున్నాయి. అలా వచ్చిన కాగితం తెలుగునాడంతటా ఒకటే. బెజవాడలో అంటించిన ‘మాయాబజార్’ పోస్టర్‌కు, ఓరుగల్లులో అంటించినదానికి బొమ్మలో భేదముండనక్కరలేదు. ఆ కాగితాన్ని ఓరుగల్లుది చేసేది స్థానికంగా నల్లసిరాతోనో ఎర్రసిరాతోనో చౌకకాగితంపై అచ్చువేసి అతికించిన ఆ జానెడు స్లిప్పు మాత్రమే. టాకీసు పేరు, ‘నేటి నుండి’ అనో ‘2వ వారం’ అనో ఒక మాట, రోజుకెన్ని ఆటలో, ఏయే వేళలకో అందులో ఉంటాయి. బొమ్మ మద్రాసుది, వార్త మన ఊరిది. స్లిప్పు తీసిన పోస్టర్ కళాఖండమవుతుంది. స్థానిక చరిత్రకు మాత్రం ఆధారం కాకుండా పోతుంది.

శాసనాల నగరంలో ఉన్నవారికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు. వేయిస్తంభాల గుడిలోని రుద్రదేవుని 1163 నాటి శాసనాన్ని చదివేవారు ప్రశస్తి శ్లోకాల సొగసు దగ్గరే ఆగిపోరు. కాలమేది, స్థలమేది, ఎవరు వేయించారు, ఎవరు రచించారు అని అడుగుతారు. పోస్టర్‌ను కూడ ఆ ప్రశ్నలే అడగవచ్చు. రాయి శాశ్వతత్వాన్ని ఉద్దేశించినది, కాగితం వారాన్ని ఉద్దేశించినది. ఆ తేడా ఉన్నా చదివే పద్ధతి మారదు.

పోస్టర్ అడుగంచున అతిచిన్న అక్షరాలతో ముద్రణాలయం పేరు, ఊరు ఉంటాయి. ప్రతి అచ్చుకాగితంపైనా ముద్రాపకుని పేరు, ముద్రణస్థలం ఉండాలన్నది బ్రిటిషిండియాలో 1867 నాటి ముద్రణ చట్టం విధించిన నియమం. తాళపత్ర గ్రంథాలలో గద్య చేసే పనిని పోస్టర్‌లో ఈ పంక్తి చేస్తుంది. చట్రం కట్టించేటప్పుడు మన సేకర్తలు మొదట కత్తిరించేది ఈ అంచునే కావడం విచారకరం.

సంవత్సరం మాత్రం మన పోస్టర్లపై సాధారణంగా కనబడదు. అమెరికాలో 1940 నుండి దాదాపు నాలుగు దశాబ్దాలకు పైగా పోస్టర్ల పంపిణీని చేతిలో పెట్టుకున్న నేషనల్ స్క్రీన్ సర్వీస్ సంస్థ ప్రతి పోస్టర్ అడుగున ఒక సంఖ్య వేసేది. అందులో మొదటి రెండంకెలూ సంవత్సరం. మనకు అటువంటి ఊతం లేదు. పైగా తెలుగునాట పాత చిత్రాలు పదేపదే విడుదలయ్యేవి. ‘పాతాళభైరవి’ 1951లో వచ్చింది కదా అని ఆ పేరున్న ప్రతి పోస్టర్‌నూ 1951 నాటిదనుకోవడం పొరపాటు. భూతద్దం ఇక్కడ అక్కరకు వస్తుంది. చేత్తో గీసి లిథో పద్ధతిలో అద్దిన రంగులో ఇసుక చల్లినట్లు క్రమంలేని రేణువులు కనబడతాయి. ఫొటో ఆధారంగా వేసిన ఆఫ్‌సెట్‌లో చుక్కలు వరుసలు కట్టి ఉంటాయి. ఇటీవలి కంప్యూటరు నకళ్ళలో సిరా తుంపరలుగా చిమ్మినట్లుంటుంది. ఆపైన బొమ్మను చూడాలి. మొదటి విడుదలనాటికి చిన్న నటుడై, తరువాత తారగా ఎదిగినవాని ముఖం మరుసటి విడుదల పోస్టర్‌లో పెద్దదవుతుంది. పేర్ల వరుస కూడ మారుతుంది. పోస్టర్‌లో పేర్ల క్రమం అలంకారం కాదు, ఆనాటి వ్యాపారపు అంచనా.

పత్రికా ప్రకటనలతో సరిచూడడం మరొక మార్గం. తొలి తెలుగు టాకీ ‘భక్తప్రహ్లాద’ 1931 సెప్టెంబరు 15న విడుదలైందని ఎంతోకాలం అందరూ రాశారు. పరిశోధకులు రెంటాల జయదేవ సెన్సారు వివరాలను, నాటి ప్రకటనలను వెలికితీసి 1932 ఫిబ్రవరి 6 అని నిరూపించారు. ఆ చిత్రం ఈనాడు లభ్యం కాదు. చిత్రం పోయినా చుట్టూ ఉన్న కాగితాలే దాని చరిత్రను దిద్దాయి. నిజాం రాష్ట్రానికి సంబంధించినంతవరకు 1926లో ఆరంభమైన ‘గోలకొండ పత్రిక’ సంచికలను ఈ దృష్టితో వెతకవలసి ఉన్నది.

ఓరుగల్లు పోస్టర్లకు ఒక ప్రత్యేక నేపథ్యమున్నది. మద్రాసు–ఢిల్లీ రైలుమార్గం ఈ నగరం మీదుగా, కాజీపేట మీదుగా పోతుంది. 1934లో నెలకొన్న ఆజంజాహి మిల్లు కార్మికుల రూపంలో చేతిలో నెలజీతం ఉన్న ప్రేక్షకవర్గాన్ని తెచ్చింది. వ్యాపారంలో ఈ ప్రాంతం ‘నైజాం ఏరియా’. రాజ్యం 1948లో పోయింది, రాష్ట్రం 1956లో మారింది, 2014లో మరల మారింది. సినిమా పంపిణీదారుల పటంలో నిజాం మాత్రం చెక్కుచెదరలేదు. (రాయలసీమ ‘సీడెడ్’గా నిలిచిపోవడమూ అటువంటిదే, 1800లో దత్తమైన మండలాల జ్ఞాపకాన్ని చరిత్ర పుస్తకాలకంటె వసూళ్ళ లెక్కలే నమ్మకంగా కాపాడాయి!)

భాష విషయం ఇంకా ఆలోచించదగినది. నిజాం పాలనలో కచేరీ భాష, ఉన్నత విద్యాభాష ఉర్దూ. హిందీ చిత్రాల పోస్టర్లపై పేరు నాగరి, ఉర్దూ, ఆంగ్లం అనే మూడు లిపుల్లో ఉండడం పరిపాటి. వాటి పక్కన తెలుగు చిత్రపు పోస్టర్ నిలువెత్తు తెలుగు అక్షరాలతో నిలబడింది. సర్కారు బల్లలపై కనిపించని లిపి అంత పెద్దదిగా, అన్ని రంగుల్లో బజారుగోడపై కనిపించడం ఆ తరానికి ఏమనిపించి ఉంటుంది? గ్రంథాలయోద్యమం లోపల చేసిన పనిలో ఏ కొంతయినా గోడ బయట చేసిందా? ఈ ప్రశ్నకు జవాబు ఊహతో చెప్పకూడదు. స్లిప్పులు, కరపత్రాలు, పాటల పుస్తకాలు ఊరివారీగా పోగుచేస్తే తప్ప తేలదు.

లిపి మాట వచ్చింది గనుక, తెలుగుశాఖలు ఈ వస్తువును పట్టించుకోవలసిన ముఖ్యకారణం కూడ అదే. కంప్యూటరు రాకముందు పోస్టర్‌పై చిత్రం పేరు అచ్చుటైపు కాదు, చేతిరాత. తలకట్టును కిరీటం చేయడం, కొమ్మును కత్తిగా సాగదీయడం, ఒత్తును అక్షరం ఒడిలోకి తీసుకోవడం వంటి ప్రయోగాలు తెలుగు లిపిలో ఇంత విరివిగా మరెక్కడా జరగలేదు. జానపదానికొక రాత, సాంఘికానికొక రాత ఏర్పడ్డాయి. బాపు చేతిరాత చివరకు కంప్యూటరు ఖతియై శుభలేఖల దాకా వచ్చింది. ఆ బాపు దర్శకత్వం వహించిన ‘సాక్షి’ (1967)తో ప్రచార చిత్రకారునిగా ప్రస్థానం ప్రారంభించినవారు పాలకొల్లుకు చెందిన ఈశ్వర్. మద్రాసులో కేత వద్ద పని నేర్చి, రెండున్నర వేలకు పైగా చిత్రాలకు రూపకల్పన చేశారు. ‘సినిమా పోస్టర్’ పేరుతో ఆయన వెలువరించిన గ్రంథం ఈ రంగంలో పనిచేసేవారికి మూలాధారం. 2015 సంవత్సరపు రఘుపతి వెంకయ్య పురస్కారం ఆయనకు లభించింది. 2021లో కన్నుమూశారు. పోస్టర్ మూలన చిన్న సంతకం వెతకడం నేర్చుకున్న సేకర్తకు, అంతవరకు పేరులేనిదిగా కనిపించిన వస్తువు కర్తృత్వం ఉన్న రచనగా మారుతుంది.

రంగు గురించి ఒక మాట. ‘మాయాబజార్’ 1957లో నలుపు తెలుపుల్లో వచ్చింది. తెలుగులో పూర్తినిడివి రంగుల చిత్రం ‘లవకుశ’ 1963 దాకా రాలేదు. అందువల్ల ఆనాటి ప్రేక్షకునికి తెరమీద లేని రంగు గోడమీద ఉండేది. కృష్ణుని నీలం, శశిరేఖ చీర వన్నె పోస్టర్ చిత్రకారుని కల్పన. 2010లో ‘మాయాబజార్’కు కంప్యూటరుతో రంగులద్దినప్పుడు వాదోపవాదాలు చెలరేగాయి. ఆ వాదాలలో నాటి పోస్టర్లను సాక్ష్యంగా పిలిచినవారు నాకు కనబడలేదు.

సేకరణ చరిత్ర కూడ అంత నిర్మలమైనది కాదు. 19వ శతాబ్ది చివర పారిస్‌లో జూల్ షెరే పోస్టర్ల మోజు ముదిరినప్పుడు, రసికులు రాత్రివేళ తడి ఆరని కాగితాలను గోడలనుండి ఊడదీసేవారట, అంటించేవారికి లంచాలిచ్చేవారట. మన గోడలనుండి ఊడదీయడం కష్టం. మైదా ఉడికించి చేసిన జిగురుతో పొరమీద పొరగా అంటించడం వల్ల అది అట్టలా తయారవుతుంది. పిండిరుచికి పశువులు నమిలిపోయేవి. మిగిలినవి గుడిసె తడికెలకు, బీరువా అరలకు, బడిపిల్లల పుస్తకాలకు అట్టలుగా చేరేవి. నా నాలుగో తరగతి లెక్కల పుస్తకం ఒక మీసం, అరకన్ను ఉన్న అట్టతో ఏడాది గడిపింది. ఆ నటుడెవరో ఇప్పటికీ తేలలేదు.

ధర వచ్చి అభిరుచి స్వభావాన్ని మార్చింది. జర్మన్ చిత్రం ‘మెట్రోపాలిస్’ (1927) పోస్టర్ 2005లో 6,90,000 డాలర్లకు అమ్ముడుపోయిన వార్త తరువాత పాత కాగితమంటే చిత్తు అన్న భావన మన దగ్గర కూడ సడలింది. అది మేలే. కీడు ఏమంటే, అమ్మకానికి శుభ్రమైన ప్రతి కావాలి. మడతలు కనబడకుండా లామినేషన్ చేయించేవారున్నారు. వేడికి ప్లాస్టిక్ పొర కాగితానికి శాశ్వతంగా అతుక్కుంటుంది, తీయబోతే సిరా దానితోపాటు వస్తుంది. సెల్లోటేపు కొన్నేళ్ళకు పచ్చబడి మరక దించుతుంది. చినిగినచోట వెనుకనుండి సన్నని కాగితాన్ని గోధుమపిండి జిగురుతో అతికించడం పాతపద్ధతే అయినా మేలైనది. కావలసినప్పుడు తడిపి తీయవచ్చు.

పూణేలో 1964లో ఏర్పడిన జాతీయ చలనచిత్ర భాండాగారం పి.కె. నాయర్ దూరదృష్టి వల్ల రీళ్ళతోపాటు పోస్టర్లను, పాటల పుస్తకాలను కూడ చేర్చుకున్నది. ఫిల్మ్ న్యూస్ ఆనందన్ సేకరణను తమిళనాడు ప్రభుత్వం తీసుకున్నది. అయితే అవి చిత్రంవారీ నిధులు. ఏ చిత్రానికి ఏ పోస్టర్ అన్నది అక్కడ తెలుస్తుంది. ఏ ఊళ్ళో ఎన్ని వారాలు అన్నది తెలియదు. ఊరివారీ నిధిని ఊరే కట్టుకోవాలి. హనుమకొండలో అలంకార్, విజయ టాకీసు అన్న పేర్లు ఈనాటికీ చిరునామాలలో పలుకుతున్నాయి. ఆ పేర్ల వెనుక ఏ ఏడు ఏ చిత్రం ఆడిందన్న పట్టిక తయారుచేయడానికి విశ్వవిద్యాలయం పెద్ద భవనమేమీ కట్టనక్కరలేదు. సేకర్త ఇంటికి ఒక విద్యార్థిని పంపి, పోస్టర్‌ను ముందూ వెనుకా ఫొటో తీయించి, స్లిప్పు పాఠాన్ని ఉన్నదున్నట్లు రాయించి, ఎవరి దగ్గర ఎప్పుడు కొన్నారో అడిగించాలి. వెనుకవైపు తరచు థియేటరు ముద్రో, పెన్సిలుతో రాసిన తేదీయో ఉంటుంది.

పెద్దాయన ఊడదీసిన స్లిప్పులు ఏమయ్యాయని అడిగాను. సగానికి పైగా నీళ్ళలోనే పోయాయట. మిగిలినవాటిని పారేయడానికి మనసొప్పక బిస్కెట్ల డబ్బాలో వేశారు. డబ్బా తెచ్చి బల్లమీద బోర్లించారు. ముప్పైకి పైగా ఉన్నాయి. ఏది ఏ పోస్టర్‌దో గుర్తుపట్టడానికి మధ్యాహ్నమంతా కూర్చున్నాము. చతురస్రాల కొలతలను బట్టి, జిగురు మరకల ఆకారాన్ని బట్టి రెండు మాత్రం జతకలిశాయి.