ఎదుటి కన్నును మన్నించు దీపము

కృష్ణా తూర్పు డెల్టాలోని పెద్ద కాలువలలో బంటుమిల్లి కాలువ యొకటి. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియైన పిదప ఈ సీమలో కాలువలు విస్తరించినవి. పంటకు నీరిచ్చిన ఆ కాలువలే పడవలకు బాటలైనవి. పడవ నడకకు చిన్న లాంతరు చాలెడిది. తరువాత మోటారులు వచ్చినవి. వాని దారులు పెక్కు కాలువగట్లమీదనే సాగినవి. అందుచేత బందరు, గుడివాడ ప్రాంతములలోని యనేక మార్గములకు ఒక ప్రక్క నీరు, వేరొక ప్రక్క పల్లపు చేలు. అట్టి గట్టుమీద రాత్రివేళ ఎదురువచ్చు బండి దీపము కన్నులు చెదరగొట్టినచో ఒదిగి నిలుచుటకైనను చోటుండదు. దారి చూపుటకు పుట్టిన దీపమే దారిని మరుగుపరచుట యెట్లు? ఈ దోషమును దిద్దుటకు నూరేండ్లకు పైగా జరిగిన ప్రయత్నమును మనమిప్పుడు ముచ్చటింతము.

తీక్ష్ణమైన వెలుగు కంటిలో ప్రవేశించినపుడు కొంత భాగము లోపల చెదరి, తెల్లని తెరవలె చూపునకు అడ్డుపడును. బండి దాటిపోయిన పిదప గూడ కన్ను చీకటికి మరల అలవడుటకు కొన్ని క్షణములు పట్టును. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు బండి 3 సెకండ్లలో 50 మీటర్లు గడచును. ఆ యేబది మీటర్లును గ్రుడ్డినడకయే. వయసు మీరినవారికి ఈ యిబ్బంది మరింత యెక్కువ.

తొలినాటి మోటారులకు అసిటిలీన్ వాయువుతో వెలుగు దీపములుండెడివి. 1912లో కాడిలాక్ కారుతో విద్యుద్దీపముల యేర్పాటు బాగుగా కుదురుకొన్నది. వెలుగు పెరిగినకొలది ఎదుటివాని గోడును పెరిగినది. 1915లో అమెరికాలోని గైడ్ లాంప్ కంపెనీ వెలుగును క్రిందికి వంచగల దీపమును తెచ్చెను. కాని వంచవలెనన్న బండి నాపి దిగవలసినదే! 1917లో కాడిలాక్ కారున లోపల కూర్చుండియే మీటతో ఆ పని చేయు వీలు కలిగెను. 1920ల నడుమ ఒకే బల్బులో రెండు తీగెలు వచ్చినవి: ఒకటి దూరమును చూపును, రెండవది దగ్గరను చూపును. మన డ్రైవర్లు ‘డిమ్ము కొట్టుట’ అనునది ఈ రెండవదానికి మారుటయే.

మరికొంత కాలమునకు, దించిన వెలుగును రెండు ప్రక్కలను సమముగా పరువక, ఒక ప్రక్కకే యెక్కువ దూరము పంపు పద్ధతి వచ్చినది. మన బండ్లు ఎడమప్రక్కన నడచును గనుక వెలుగు ఎడమకు సాగి గట్టు అంచును చూపును. కుడిన, అనగా ఎదురు వచ్చువాని వైపున, అణగియుండును.

శాసనమును ఈ విషయమున మిన్నకుండలేదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమములలో 106వది ఇట్లు విధించుచున్నది: దీపమునకు 8 మీటర్ల ముందు, అర మీటరు కుడిగా, నేలకు ఒకటిన్నర మీటర్ల యెత్తున నున్న కంటికి వెలుగు మిరుమిట్లు గొల్పరాదు, అది యెల్లప్పుడును క్రిందికి వంగియైన నుండవలెను, డ్రైవరు వంచుటకు వీలుగనైన నుండవలెను. శాసనము చేయగలిగినది అంతవరకే. అర్ధరాత్రి గట్టుమీద ఆ మీటను త్రిప్పవలసినది మనుష్యుని చేయి. ఆ చేయి మరచును, బద్ధకించును, ఒక్కొక్కప్పుడు ‘వాడు ముందు దించనీ’ అని పంతము పట్టును.

ఈ మరపునకు మందుగా 1952లో జనరల్ మోటార్స్ వారు డాష్‌బోర్డుపై ఒక కాంతిగ్రాహక గొట్టము నమర్చి, ఎదుటి వెలుగు సోకగానే దీపము తనంత తానే దిగునట్లు చేసిరి. అది వెలుగును కొలువగలదే కాని, ఆ వెలుగు ఎవరిదో యెరుగలేదు. ఆ వివేకము కెమెరా, కంప్యూటరు వచ్చిన తరువాత గాని అలవడలేదు. 2013లో ఆడి ఎ8 కారున ఒక్కొక్క ముందుదీపమున 25 చిన్న ఎల్.ఇ.డి. దీపములు నిలిచినవి. ఎదురు బండి కనబడగానే దానిపై పడు కొన్నిటిని మాత్రమే అణచి, తక్కిన దారి నంతటిని పూర్తిగా వెలిగించుట ఇందలి నేర్పు. వెలుగు నడుమ కదలు నీడగూడు వంటిదొకటి ఎదుటి బండిని కాచుచు వెంట నడచును. ఎక్కువ వెలుగు, తక్కువ వెలుగు అను రెండు స్థితులనే యెరిగిన అమెరికా నిబంధనలు ఇట్టి దీపములకు 2022లో గాని తావీయలేదు.

ఇంతటి నేర్పునకును ఒక కొరత కలదు. ఈ యంత్రనేత్రము ముఖ్యముగా వెదకునది ఎదుటి బండి దీపమును, ముందు పోవు బండి వెనుకనున్న యెర్రదీపమును. దీపము లేని సైకిలు, ఎడ్లబండి, పొలమునుండి ఇల్లు చేరు కాలినడకవాడు—వీరిని అది గుర్తింపకపోవచ్చును. దీపమున్నవానికి దొరకు మన్నన దీపము లేనివానికి దొరకదు. కాలువ అంచున నడచువాడు తరచుగా ఆ రెండవవాడే. పైగా ఈ దీపములు ముఖ్యముగా ఖరీదైన కార్లకే గలవు. లారీలు, ట్రాక్టర్లు, పాత బండ్లు ఇంకను మీటపైననే ఆధారపడియున్నవి.

కావున నూరేండ్ల యీ చరిత్రలో యంత్రము నేర్చినది ఒక్కటే: తన దారి కనబడుట యెంత యవసరమో, ఎదుటివాని దారి కనబడుటయు నంతే యవసరము. యంత్రమునకు ఇంకను అందని చోట, దీపము లేని మనుష్యుని చూచి వెలుగు దించు బాధ్యత మనదే. ఒక్క వ్రేలి కదలికతో ఒక ప్రాణము గట్టుమీదనే నిలుచును.